స్థౌల్యము - ఆయుర్వేద, యోగశాస్త్రములు చూపిన దారి

కాళిదాస మహాకవి రచించిన కుమారసంభవమున, అయిదవ సర్గలో ఒక సన్నివేశము కలదు. పార్వతీదేవి శివుని పతిగా పొందగోరి ఘోరమైన తపస్సు చేయుచున్నది. రాలిన ఆకులను తినుట కూడ మాని అపర్ణ యను పేరు పొందినది. అట్టి తరుణమున శివుడే బ్రహ్మచారి వేషమున వచ్చి కుశలప్రశ్నలు వేయును. సమిధలు, దర్భలు దొరకుచున్నవా యనియు, నీరు స్నానమునకు తగియున్నదా యనియు అడిగిన పిమ్మట, శక్తికి తగినట్లే తపస్సు సాగుచున్నదా యని ప్రశ్నించును. ధర్మసాధనములలో దేహమే మొదటిదను ప్రసిద్ధమైన భావము ఆ ప్రశ్నను వెన్నంటియే వచ్చినది. మన ఉపన్యాసకులు ఈ రెండవ మాటను తరచుగా ఉదాహరింతురు గాని, దానికి ముందున్న ప్రశ్నను చాలమంది విడిచిపెట్టుదురు. ఆ మాట తిండిపోతునకు చెప్పినది కాదు. తిండిని పూర్తిగా విడిచిన తపస్వినికి చెప్పినది. దేహమును పోషించుటకే గాక కృశింపజేయుటకును ఒక మేర కలదనుట అందలి ఆంతర్యము.

ఈ ప్రస్తావనకు కారణము నేటి మన స్థితియే. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేననుసరించి, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 24 మంది, పురుషులలో సుమారు 23 మంది ఉండవలసిన దానికంటె ఎక్కువ బరువు గలవారు. ఆంధ్రప్రదేశమున స్త్రీలలో ఈ సంఖ్య 36కు, తెలంగాణమున 30కి చేరినది. ఒకప్పుడు కరవు కాటకములకు పేరుపడిన సీమలలో నేడు ఊబకాయము సామాన్యవిషయమైనది. దానితోపాటు మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ల నొప్పులు ఇంటింట కానవచ్చుచున్నవి. దేవాలయమున ప్రదక్షిణము చేయలేక ధ్వజస్తంభమునకు చేతులు జోడించి మరలిపోవు నడివయస్సు వారిని చూచినప్పుడు, ఈ విషయము కేవలము సౌందర్యమునకు సంబంధించినది కాదని తెలియును.

బరువు ఎంత ఉండవచ్చునో తెలిసికొనుటకు నేటి వైద్యులు ఒక లెక్క చెప్పుదురు. కిలోగ్రాములలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తును రెండు మారులు వేసి భాగింపవలెను. ఉదాహరణకు 64 కిలోల బరువు, 1.6 మీటర్ల ఎత్తు గలవారికి ఈ అంకె 25 అగును. పై సర్వేలో 25ను హద్దుగా గ్రహించిరి. కాని మన దేశీయులకు పొట్టచుట్టు కొవ్వు త్వరగా చేరును గనుక 23 దాటినప్పుడే జాగ్రత్తపడవలెనని వైద్యుల అభిప్రాయము. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లకు మించరాదు. ఇంటిలో బరువు తూచు యంత్రము లేకున్నను కొలత వేయు నాడా యొకటి చాలును.

ఇక శాస్త్రమునకు వత్తము. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము ఈ విషయమునకే కేటాయింపబడినది. మిక్కిలి పొడవరి, మిక్కిలి పొట్టివాడు, ఒడలంత రోమములు గలవాడు, రోమములే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, అతిస్థూలుడు, అతికృశుడు అని ఎనిమిది విధముల దేహములను నిందితములుగా అచట పేర్కొనిరి. ఇచట నింద యనగా వైద్యుని దృష్టిలో దోషము గల దేహమని భావమే గాని, పాపియని భావము కాదు. ఎనిమిదింటిలో చివరి రెండింటిని మాత్రమే ఆచార్యుడు విస్తరించి చెప్పినాడు. తక్కిన ఆరును పుట్టుకతో వచ్చినవి, మార్పునకు లొంగనివి; ఈ రెండును చికిత్సకు లొంగునవి. వీనిలోను కృశత్వమే మేలని అతని తీర్పు. ఇరువురకు ఒకే వ్యాధి వచ్చినయెడల స్థూలుడే ఎక్కువగా బాధపడునని హేతువు చూపినాడు. సుశ్రుతుడు మాత్రము రెండును గాని మధ్యమశరీరమునే శ్రేష్ఠమనెను.

స్థూలకాయునకు కలుగు బాధలు ఎనిమిదింటిని చరకుడు లెక్కించినాడు. ఆయుస్సు తగ్గుట, చురుకుదనము పోవుట, దాంపత్యమున అశక్తత, దుర్బలత, దేహదుర్గంధము, చెమటచే బాధ, మితిమీరిన ఆకలి, మితిమీరిన దాహము. ఇందు దుర్బలత యను మాటను గమనింపవలెను. చూచుటకు భారీగా ఉన్నవాడు బలవంతుడని లోకులు భ్రమపడుదురు. మేదోధాతువు ఒక్కటే పెరిగి తక్కిన ధాతువులు దానితో సమముగా పెరుగనందున అతడు బలహీనుడేయని శాస్త్రము చెప్పుచున్నది. కొవ్వు హెచ్చి కండరములు క్షీణించుట మధ్యవయస్సు దాటిన మనవారిలో ఎక్కువగా ఉన్నదని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

కారణములు కూడ స్పష్టముగా చెప్పబడినవి. అతిగా భుజించుట, గురువు, మధురము, శీతలము, స్నిగ్ధము అయిన పదార్థములను సేవించుట, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, ఎల్లప్పుడు సంతోషముగా ఉండుట, చింత లేకుండుట, తుదకు బీజస్వభావము, అనగా తల్లిదండ్రుల నుండి వచ్చిన తీరు. ఈ చివరి కారణమును ప్రాచీనులు గుర్తించుట విశేషము. ఇంట నొక పిల్లవాడు లావుగా ఉన్నచో "వీడికి తిండి యావ ఎక్కువ" అని చుట్టములయెదుట ఎగతాళి చేయు పెద్దలు దీనిని తెలిసికొనవలెను. అదే కంచము, అదే అన్నము, ఒక బిడ్డ సన్నగా ఉండును, వేరొక బిడ్డ బరువెక్కును. ఎగతాళికి గురియైన బిడ్డ నలుగురిలో తినుట మానును గాని, ఒంటరిగా తినుట మానడు. చింత లేకుండుటను గురించి ఒక్కమాట. చరకుని కాలమున నిశ్చింతగా ఉన్నవాడు లావయ్యెను. నేడు చింతతోనే లావగుచున్నవారు తక్కువగా లేరు. ఉద్యోగమునుండి వచ్చి, మనస్సు బాగుండక, ఆకలి లేకున్నను కారపుపూస డబ్బా ముందుంచుకొని కూర్చుండువారిని మనమెరుగుదుము. కాలము మారినకొలది కారణములు కొంత మారును.

ఈ అధ్యాయమునకు ప్రాణమువంటి భాగము దీని తరువాత వచ్చును. పెరిగిన మేదస్సు శరీరమందలి మార్గములను అడ్డగించును. మార్గము దొరకని వాయువు కోష్ఠమునందే తిరుగుచు జఠరాగ్నిని రగుల్చును. రగిలిన అగ్ని తిన్న ఆహారమును త్వరగా జీర్ణించి మరల ఆహారమును కోరును. తిన్నది మరల మేదస్సే యగును. వేళకు ఆహారము అందనిచో ఆ అగ్నియు వాయువును కలిసి, కార్చిచ్చు అడవిని దహించినట్లు, ఆ దేహమును బాధించును. స్థూలునకు ఆకలి ఎక్కువగుట అతని దుర్గుణము కాదు, అది రోగములో ఒక భాగమని దీని అర్థము. కొవ్వు కణములనుండి పుట్టి, తృప్తిని మెదడునకు తెలుపు లెప్టిన్ అను పదార్థమును శాస్త్రజ్ఞులు 1994లో కనుగొనిరి. స్థూలకాయులలో ఆ పదార్థము సమృద్ధిగా ఉన్నను మెదడు దాని మాట వినకుండునని తరువాతి పరిశోధనలలో తేలినది. ప్రాచీనుల వాయువును, అగ్నిని దీనితో ముడిపెట్టుట తగదు. భాష వేరు, పద్ధతి వేరు. అయినను స్థూలుని ఆకలిని నిందింపక అర్థము చేసికొనవలెనను చూపు రెండింటను కలదు.

అందుచేతనే చరకుడు చికిత్సలో చమత్కారమైన సూత్రము చెప్పినాడు. స్థూలునకు ఈయవలసినది గురువును, అతర్పణమును అయిన ఆహారము. గురువనగా జీర్ణమగుటకు చాలసేపు పట్టునది. అతర్పణమనగా ధాతువులను అంతగా పోషింపనిది. అగ్నికి పని చూపవలెను, మేదస్సునకు మేత చూపరాదు. కృశునకు దీనికి విరుద్ధముగా తేలికగా జీర్ణమై పోషణనిచ్చునది కావలెను. కాబట్టి లావుగా ఉన్నవానిని పస్తు పెట్టుట ఆయుర్వేదమతము కాదు. కడుపు నిండవలెను, పోషణ మితము కావలెను. పీచు ఎక్కువగా గల ధాన్యములు, పప్పులు, కూరలు తినుమని నేటి ఆహారశాస్త్రజ్ఞులు చెప్పుటలో గల కిటుకు ఇదియే.

ఇచట నా అనుభవము చెప్పక తప్పదు. 2016లో నాకు 52 ఏండ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 91 కిలోలు. మధుమేహమునకు అప్పటికే మాత్రలు వాడుచుంటిని. మనుమని పుట్టువెండ్రుకలు తీయించుటకు కుటుంబమంతయు తిరుమలకు పోవుచుండగా, అలిపిరి మెట్లదారిని నడచి వత్తునని గొప్పగా పలికితిని. ఆ దారిని మెట్లు 3550. గాలిగోపురము కానవచ్చుసరికే రొప్పు, గుండెదడ పుట్టి ఒక మెట్టుపై కూలబడితిని. నా భార్య మోకాళ్లు నొచ్చుచున్నను మెల్లగా నడచి కొండ చేరినది. నేను కొడుకు చేయూతతో దిగివచ్చి బస్సులో పోయితిని. ఆ సిగ్గుతో ఇంటికి వచ్చినదే తడవుగా ఉపవాసము మొదలిడితిని. వేడినీటిలో తేనె, నిమ్మరసము, రాత్రి ఒక పండు, తొమ్మిది దినములు. బరువు 5 కిలోలు తగ్గినది. పదవనాటి ఉదయము పూజామందిరమున హారతి ఇచ్చుచు కన్నులు చీకట్లు క్రమ్మి పడిపోయితిని. మాత్రలు యథాప్రకారము మ్రింగుచు తిండి మానినందున రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోయినదని వైద్యుడు మందలించెను. మూడు నెలలలో పోయిన 5 కిలోలును, వానికి తోడు మరి రెండును వచ్చి చేరినవి.

పిమ్మట మా ఊరి వృద్ధ ఆయుర్వేద వైద్యుని కడకు పోయి, బరువు దిగుటకు చూర్ణమేదైన ఈయుడని అడిగితిని. ఆయన చూర్ణము ఈయలేదు. "లంఘనము పరమౌషధమని ఎవరో చెప్పగా విని యుందురు. చరకుడు దానిని మొదట చెప్పినది జ్వరమునకండీ. ఆయన చెప్పిన లంఘనములు పది. అందులో ఉపవాసమొకటి, వ్యాయామమొకటి, ఎండలో తిరుగుట ఒకటి. మీరు వానిలో నచ్చిన దొక్కటి పట్టుకొని తొమ్మిది దినములు చేసితిరి" అని నవ్వి, "పదునైదేండ్లలో పెరిగినది పదునైదు నాళ్లలో పోవునా?" అని అడిగెను. ముందుగా మధుమేహవైద్యుని చూచి, ఆహారము మార్చుచున్నట్లు చెప్పి, మాత్రల మోతాదు సరిచేయించుకొని రమ్మని పంపెను. అప్పుడు నాకది ఆలస్యముగా తోచినది. మధుమేహమునకు, రక్తపుపోటునకు మందులు వాడువారు ఈ మొదటి మెట్టును దాటవేయరాదని ఇప్పుడు ఎల్లరకును చెప్పుచున్నాను. కారణము తెలియకుండ బరువు పెరుగుచున్నవారు థైరాయిడ్ పరీక్ష చేయించుకొనుటయు అవసరమే.

వైద్యుడు నాకు చెప్పిన ఆహారములో వింతయేమియు లేదు. చరకుడు స్థూలులకై పేర్కొన్న ధాన్యములలో యవలు, కొర్రలు, అరికెలు, జొన్నలు కలవు. కాయధాన్యములలో పెసలు, ఉలవలు, కందులు కలవు. కూరలలో పొట్లకాయ, ఫలములలో ఉసిరిక కలవు. మన తాతముత్తాతలు మెట్టపొలములలో పండించుకొని తినినవి ఇవియే. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన తరువాత ఇవి మరల అంగళ్లకెక్కినవి. అయితే ఒక హెచ్చరిక. తెల్లన్నము తినిన రాశి అంతయు కొర్రన్నము తినినచో బరువు తగ్గదు. ఉలవలు మేదస్సును హరించునని విని, ఉలవచారులో గరిటెడు మీగడ కలిపి, నాలుగు వాయలు లాగించి, ఔషధసేవ చేసితినని తృప్తిపడు మిత్రుడు నాకొకడు కలడు. ఉలవలు చేయగలిగినది ఉలవలు చేయును. మీగడ చేయునది మీగడ చేయును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో, దినమునకు కావలసిన శక్తిలో ధాన్యములనుండి వచ్చునది నూటికి 45 వంతులకు మించరాదని చెప్పినారు. మన భోజనమున అన్నమే కొండ, కూర దాని ప్రక్కన గుట్ట. వైద్యుడు నాచే వానిని తారుమారు చేయించెను: విస్తరిలో సగము కూరలు, పావు అన్నమో రొట్టెయో, పావు పప్పు. వెన్న తీసిన పలుచని మజ్జిగ చివర.

తేనెను గురించి లోకమున గొప్ప పొరపాటు కలదు. స్థౌల్యమునకు తేనె మంచిదనుట శాస్త్రసమ్మతమే. కాని పాతతేనె మాత్రమే మేదస్సును గీచివేయుననియు, క్రొత్తతేనె దేహమును పెంచుననియు సుశ్రుతుడు చెప్పినాడు. తేనెను వేడిచేయుటను, వేడిపదార్థములతో కలుపుటను ఆయుర్వేదము నిషేధించినది. ఉదయముననే పొగలు గ్రక్కు నీటిలో తేనె కలిపి త్రాగుట ఆయుర్వేదమను పేరుతో జరుగుచున్న ఆయుర్వేద విరుద్ధము. పైగా తేనె యనగా ప్రధానముగా చక్కెరయే గనుక మధుమేహులకు అది తగదు. నీటి విషయమున వాగ్భటుడు చెప్పిన మాట సులభముగా ఆచరింపదగినది. భోజనారంభమున నీరు త్రాగినవాడు కృశించును, నడుమ త్రాగినవాడు సమముగా ఉండును, చివర త్రాగినవాడు లావగును. అన్నము ముందు ఒక గ్లాసు నీరు త్రాగుటకు ఖర్చేమియు లేదు. కడుపులో రెండు భాగములు అన్నమునకు, ఒకటి నీటికి, ఒకటి వాయువు సంచారమునకు విడువవలెనని ఆయనయే చెప్పెను. చరకుడు కడుపును మూడు భాగములుగా పంచెను. హఠయోగ ప్రదీపిక కూడ నాలుగవ భాగమును ఖాళీగా విడిచి, శివప్రీతిగా భుజించుటయే మితాహారమని చెప్పుచున్నది. లెక్కలు కొంచెము వేరైనను కడుపునిండ తినుమని ఎవ్వరును చెప్పలేదు.

మన ఇండ్లలోని వ్రతములను గూర్చి చెప్పుటకు కొంచెము జంకుగా ఉన్నది, అయినను చెప్పెదను. శనివారము రాత్రి అన్నము మానుట మంచి ఆచారము. కాని ఆ రాత్రి ఫలహారమను పేరిట మినపరొట్టె, ఉప్మా, పెసరట్టు, వానిపై నేయి, చివర రెండు అరటిపండ్లు సేవించినచో ఆ పూట భోజనముకంటె ఫలహారమే బరువగును. ఫలహారమను మాటలో ఫలము ఎక్కడనో ఆగిపోయినది. ఏకాదశినాడు ఉపవసించి, ద్వాదశి పారణలో నిన్నటి బాకీని వడ్డీతో తీర్చుకొనువారు కూడ కలరు. ప్రసాదము మాటయు ఇంతే. ప్రసాదమునకు పరిమాణము లేదు. కన్నులకద్దుకొని నోట వేసికొనిన రేణువైనను ప్రసాదమే. లడ్డూను పదిమందికి పంచి తాను చిటికెడు తినినవానికి భక్తిలో లోటు రాదు. భగవద్గీత ఆరవ అధ్యాయమున, అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, అతిగా మేల్కొనువానికిని యోగము కుదరదని శ్రీకృష్ణుడు చెప్పినాడు. అచట రెండు అతులకును సమాన స్థానమే ఈయబడినది.

వ్యాయామమును ఎంత చేయవలెనను ప్రశ్నకు మనవారు బలార్ధము అని సమాధానమిచ్చిరి. ఉన్న శక్తిలో సగము వెచ్చించి ఆగవలెను. ఆ సగమును తెలిసికొనుట ఎట్లు? నుదుటను, ముక్కుపైనను, కీళ్లయందును చెమట పట్టుట, నోరు ఆరుట, నోటితో గాలి పీల్చవలసి వచ్చుట దాని గుర్తులు. అచటితో ఆపవలెను. మితిమీరిన వ్యాయామము చేయువాడు ఏనుగును ఈడ్చబోయిన సింహమువలె నశించునని వాగ్భటుడు హెచ్చరించెను. మెట్లదారిలో నేను చేసినది అదియే. వైద్యుడు మొదటి మండలము, అనగా 40 దినములు, నాచే ఉదయము పావుగంట నడక మాత్రమే చేయించెను. పిదప మండలమునకు పది నిమిషముల చొప్పున పెంచెను. స్థౌల్యమును వదలించుకొనగోరువాడు వ్యాయామాదులను క్రమముగా పెంచవలెనని చరకుడు చెప్పిన మాటయే ఆయనకు ఆధారము. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు చెమట పట్టునట్లు నడువవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. నేను అచటికి చేరుటకు నాలుగు నెలలు పట్టెను. వారమున రెండుమారులు నలుగు పెట్టుకొనుమని కూడ ఆయన చెప్పెను. పొడిపిండితో ఒడలు రుద్దుటను శాస్త్రమున ఉద్వర్తనమందురు. అది కఫమును హరించి మేదస్సును కరగించునని గ్రంథములలో ఉన్నది. నా అనుభవమున దానివలన బరువు తగ్గిన జాడ లేదు గాని, చర్మము బిగిసి ఒడలు తేలికపడినట్లు తోచినమాట నిజము.

యోగము విషయమున ఆశలు పెద్దవి, అవగాహన చిన్నది. పది ఆసనములు వేసినచో కొవ్వు కరగిపోవునని చాలమంది నమ్మకము. మెల్లగా ఆసనములు వేయుటకు ఖర్చగు శక్తి ఇంచుమించు మెల్లగా నడచుటకు ఖర్చగునంతయే. వేగముగా చేసిన సూర్యనమస్కారములు దీనికంటె మేలు. వీనికి నేటి రూపమున దేశమంతట ప్రచారము కలిగించినవారు ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున ఔంధ్ సంస్థానాధిపతి. బరువు మిక్కిలిగా ఉన్నవారు మోకాళ్లను, నడుమును చూచుకొని, మూడు నమస్కారములతో ఆరంభింపవలెను. హఠయోగ ప్రదీపిక మేదస్సు, కఫము అధికముగా గలవారు మాత్రమే ప్రాణాయామమునకు ముందు షట్కర్మలు చేయవలెననియు, ఇతరులకు అవి అక్కరలేదనియు చెప్పినది. అందొకటియైన కపాలభాతిని నేడు ఎల్లరును చేయుచున్నారు. రక్తపుపోటు, హృద్రోగము, గిలక గలవారును, గర్భిణులును దానిని చేయరాదు. గురువు ఎదుట నేర్చిన తరువాతనే తక్కినవారును చేయుట మంచిది.

అయినచో యోగమువలన స్థూలునకు ప్రయోజనమేమి? నా మట్టుకు నాకు ప్రయోజనము కంచము ముందు కలిగినది. చరకుడు రోగములకు మూలముగా ప్రజ్ఞాపరాధమును చెప్పినాడు. బుద్ధి, ధృతి, స్మృతి తప్పినప్పుడు మనుష్యుడు తనకు హానియని తెలిసిన పనినే చేయును. మూడవ గారె తినుటకు చేయి చాచువానికి జ్ఞానము లేక కాదు. ఆ క్షణమున జ్ఞాపకము లేదు. ఆ జ్ఞాపకమును నిలుపుటయే సాధన. దినమునకు ఇరువది నిమిషములు శ్వాసను గమనించుచు కూర్చుండు అలవాటు కుదిరిన తరువాత, ఆకలిని, ఊరక తినవలెనను కోరికను వేరుచేసి చూచుట నాకు కొంత పట్టుబడినది. నిజమైన ఆకలి పావుగంట ఆగినను అచటనే ఉండును, పెరుగును. కోరిక పావుగంటలో సగము పోవును.

భోజనమునకు ముందు పరిషేచనము చేసి, అయిదు ప్రాణాహుతులు తీసికొను ఆచారము మన పెద్దలలో ఉండెడిది. జఠరాగ్నిరూపమున ఉన్న వైశ్వానరునకు ఆహుతులను భావముతో, అయిదు చిన్న ముద్దలు, ఒక్కొక్కటి మంత్రముతో. నేను చిన్ననాడు దీనిని తొందరగా ముగించి పప్పుపై పడెడివాడను. మరల మొదలుపెట్టిన తరువాత దానివలన మొదటి నిమిషముననే తొందర తగ్గునని తెలిసినది. మంత్రము రానివారు అయిదు చిన్న ముద్దలను మౌనముగా నమిలి తినినను ఈ ప్రయోజనము కలుగును. భోజనవేళ టెలివిజన్, చరవాణి లేకుండుట దీనికి అంగము. మా ఇంట ఈ ఒక్క నియమమునకే ఎక్కువ కలహము జరిగినది.

నిద్ర విషయమున శాస్త్రమునకు, నేటి వైద్యమునకు పైకి ఒక విరోధము కానవచ్చును. స్థూలుడు మేల్కొనుటను పెంచవలెనని చరకుడనెను. రాత్రినిద్ర తగ్గినచో ఆకలి పెరిగి బరువు హెచ్చునని నేటి పరిశోధకులు చెప్పుదురు. చరకుని కాలమున చీకటిపడినది మొదలు నిద్రించి, భోజనము తరువాత మరల పగలు నిద్రించు శ్రీమంతులే లావయిరి. వారికి ఆ మాట తగినదే. అర్ధరాత్రి వరకు వెలుగుచున్న తెర ముందు కూర్చుండు మనకు దానిని అన్వయింపరాదని నా అభిప్రాయము. పగటినిద్ర మానుటలో మాత్రము ఇరువురకును భేదము లేదు.

మందులను గురించి తక్కువగానే చెప్పెదను. త్రిఫలము, తిప్పతీగ, తుంగముస్తెలు, వాయువిడంగములు, శిలాజతువు మొదలైనవి ఈ చికిత్సలో గ్రంథోక్తములే. అవి ఆహారవ్యాయామములకు తోడు మాత్రమే. వానికి బదులు కావు. మూలికలన్నియు నిరపాయములను నమ్మకమును విడువవలెను. తిప్పతీగ వాడిన కొందరికి కాలేయమునకు హాని కలిగినదని 2021లో వైద్యపత్రికలలో ప్రకటించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయమును అంగీకరింపలేదు. వాదము ఎట్లున్నను, కాలేయ, మూత్రపిండ వ్యాధులు గలవారు ఏ మూలికనైనను వైద్యునకు తెలియకుండ వాడరాదు. నెలలో పది కిలోలు తగ్గింతుమని ప్రకటనలు ఇచ్చు పేరు లేని పొట్లములను తాకకుండుటయే క్షేమము. అందేమి కలిసియున్నదో కొన్నవానికి తెలియదు; ఒక్కొక్కప్పుడు అమ్మినవానికి కూడ తెలియదు.

నా బరువు 93 నుండి 80కి వచ్చుటకు పదునాలుగు నెలలు పట్టెను. నెలకు ఒక్క కిలోకు కొంచెము తక్కువ. నడుమ రెండు నెలలు, ఒక పెండ్లి, ఒక సంక్రాంతి వచ్చి, ఒక్క గ్రామైనను కదలలేదు. బరువులో నూటికి అయిదు మొదలు పది వంతులు తగ్గినను చక్కెర, రక్తపుపోటు మెరుగగునని వైద్యులు చెప్పిన మాట నా విషయమున నిజమైనది. మాత్ర సగమైనది, పూర్తిగా మాత్రము పోలేదు. లెక్క ప్రకారము నేను ఇప్పటికిని స్థూలుడనే. 2018 కార్తికమాసమున వైద్యుని అనుమతితో మరల అలిపిరి పాదాల మండపము వద్ద కొబ్బరికాయ కొట్టితిని. నోటితో గాలి పీల్చవలసి వచ్చిన ప్రతి చోటను ఆగితిని. గాలిగోపురము వద్ద అరగంట కూర్చుంటిని. నా కంటె పెద్దవారు, పిల్లలు, ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు వంగి లేచుచున్న స్త్రీలు నన్ను దాటి పోయిరి. మోకాళ్లమెట్టు దగ్గర నా భార్య మోకాలు పట్టుకొని కూర్చుండిపోగా, ఈ మారు ఆమెకు చేయి ఇచ్చినది నేను. తెల్లవారుజామున బయలుదేరినవారము కొండ చేరుసరికి మధ్యాహ్నమైనది.